క్యారవాన్ బ్యాటరీకి చార్జ్ ఎక్కట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని సిమిలిగుడలో మాది ఆటో ఎలక్ట్రికల్ పని. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్ళే లారీల సెల్ఫ్‌లు, డైనమోలు విప్పి బిగించడంతోనే నా సగం జీవితం గడిచింది. ఈ ఆరేడేళ్ళుగా ఇంకో రకం బండ్లు ఆగుతున్నాయి. మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్ బిగించుకున్న ట్రావెలర్లు, పాత స్కూలు బస్సులు. విశాఖ, విజయనగరం నుంచి దేవమాలి కొండ చూద్దామని వస్తారు. దిగీ దిగగానే చాలామంది అనేది ఒకటే మాట: "మాస్టారూ, బ్యాటరీ చార్జ్ అవ్వట్లేదు, ఇక్కడ కొత్తది దొరుకుతుందా?" వాళ్ళు అడిగినవీ, నేను చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. బండిలో రెండు బ్యాటరీలుంటాయి కదా, ఇంజన్ తిప్పేదాన్ని స్టార్టింగ్ బ్యాటరీ అనీ, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ నడిపేదాన్ని లోపలి బ్యాటరీ అనీ అంటాను.

బ్యాటరీ చార్జ్ అవ్వట్లేదు. కొత్తది కొనెయ్యమంటారా?

ఇప్పుడే వద్దు. ముందు నా తప్పు ఒకటి చెప్తాను. ఒక పెద్దాయన, రిటైరై భార్యతో కలిసి తిరుగుతున్నారు, బండి తెచ్చారు. లోపలి బ్యాటరీ పొద్దున్నకి 11.6 చూపిస్తోంది. నాలుగేళ్ళ నాటిది కాబట్టి పోయి ఉంటుందని నేనే తేల్చేసి కొత్తది పెట్టాను. మూడో రోజు కోరాపుట్ జిల్లాలోనే ఉన్న జైపూర్ నుంచి ఫోన్ చేశారు, మళ్ళీ అదే కథ. వెనక్కి పిలిపించి సీటు కింద వైరు చేత్తో తడుముకుంటూ పోతే ఒక ఫ్యూజ్ హోల్డర్ తగిలింది. బయటికి బాగానే ఉంది. మూత విప్పితే లోపల ప్లాస్టిక్ బెల్లంపాకంలా కరిగి మళ్ళీ గట్టిపడింది, ఫ్యూజ్ కాలు ఒకటి నల్లగా మాడి ఉంది. తీగ తెగలేదు కాబట్టి మీటర్ పెడితే వోల్టేజ్ వస్తోంది, కరెంట్ మాత్రం పారట్లేదు. హోల్డర్ మార్చాను. ఆయన పాత బ్యాటరీ షాపులో మూలన ఇంకా ఉంది కాబట్టి దాన్నే మళ్ళీ పెట్టి, కొత్తదాని డబ్బు తిరిగిచ్చాను. అది ఇంకో రెండేళ్ళు పనిచేసింది.

అప్పటి నుంచి బ్యాటరీని చివరి ముద్దాయిగానే చూస్తున్నాను. ఫ్యూజ్, జాయింటు, లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొన), ఎర్త్ (బాడీకి కలిపే మైనస్), వైరు, రిలే, చార్జర్, వీటన్నిటి విచారణ అయ్యాకే దాని వంతు.

సరే, ముందు ఏం చూడాలి?

ఒక మల్టీమీటర్ కొనండి. ఖరీదైనది అక్కర్లేదు, డీసీ వోల్టులు రెండు దశాంశాల వరకు చూపిస్తే చాలు. కొలత మూడు సార్లు. ఒకటి, రాత్రి ఏమీ నడవకుండా వదిలేసి పొద్దున్నే లోపలి బ్యాటరీ మీద. రెండు, ఇంజన్ ఆన్ చేసి కొంచెం రేస్ ఇచ్చి స్టార్టింగ్ బ్యాటరీ మీద. మూడు, అదే సమయంలో లోపలి బ్యాటరీ మీద. మీటర్ పిన్నులు బ్యాటరీ సీసపు దిమ్మ మీదే పెట్టాలి, పైనున్న క్లాంపు మీద కాదు. దిమ్మ మీద 12.4, క్లాంపు మీద 13.9 వస్తే జబ్బు ఆ రెండిటి మధ్య ఉన్న తెల్లటి పొడిలో ఉన్నట్టు.

ఆ పొడికి మందు వంటింట్లోనే ఉంది. క్లాంపులు విప్పి, వేడినీళ్ళలో వంట సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి, నురగ వచ్చి పోతుంది. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి పోనివ్వకండి. ఆరాక బిగించి పైన వాజిలీన్ పూయండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ఇది మర్చిపోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి.

మీటర్‌లో ఏ అంకె వస్తే ఏం అర్థం?

మామూలు లెడ్ బ్యాటరీ అయితే, రెండు మూడు గంటలు ఊరికే ఉన్నాక 12.7 వస్తే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. 11.8 కంటే దిగి రోజులు గడిస్తే లోపల ప్లేట్లకి సల్ఫేట్ గట్టిగా పడుతుంది, తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పూర్తిగా కోలుకోదు. ఎంతసేపు చార్జ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగితే ఒక సెల్ పోయిందని అనుమానించండి. ఆరు సెల్లుల్లో ఒకటి పోతే లెక్క అంతే వస్తుంది.

ఇంజన్ తిరుగుతుండగా స్టార్టింగ్ బ్యాటరీ మీద 13.8 నుంచి 14.6 మధ్య రావాలి. 12.5 దగ్గరే ఉంటే డైనమో పని చెయ్యట్లేదు, లేదా బెల్ట్ జారుతోంది. అయితే బీఎస్6 (కొత్త పొగ నిబంధన) బండ్లకి ఈ మాట పూర్తిగా వర్తించదు, కింద చెప్తాను. 15 దాటితే డైనమో వోల్టేజ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, ఆ రోజే చూపించండి, బ్యాటరీ ఉడికిపోతుంది.

చార్జ్ తీసిన వెంటనే కొలిచి 13.2 ఉంది, ఫుల్ అనుకోకండి. పైపైన ఉన్న చార్జ్ అది. ఐదు నిమిషాలు హెడ్‌లైట్ వేసి ఆపి, మళ్ళీ చూడండి.

స్టార్టింగ్ బ్యాటరీకి ఎక్కుతోంది, లోపలి దానికి ఎక్కట్లేదు. ఎందుకు?

రెండిటి మధ్య ఒక రిలే ఉంటుంది. ఇంజన్ తిరిగి వోల్టేజ్ 13.3 చుట్టుపక్కలకి వచ్చాక టక్ మని పడి రెండిటినీ కలుపుతుంది, 12.8 కి దిగితే విడదీస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే ఆ టక్ తెలుస్తుంది. పడట్లేదంటే దాని సన్న ఎర్త్ వైరు ఊడిందేమో చూడండి, అన్నిటికన్నా ఎక్కువగా దొరికే జబ్బు అదే. పడుతోంది కానీ ఎక్కట్లేదంటే రెండు వైపులా ఫ్యూజులు చూడండి. ఒకవైపు ఫ్యూజ్ బోనెట్ దగ్గర, రెండోది మంచం కింద ఉంటుంది, రెండోది ఉందన్న సంగతే చాలామందికి తెలీదు.

ఆ తర్వాత చేసే పరీక్షే నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంజన్ ఆన్‌లో ఉండగా మీటర్ ఒక పిన్ను స్టార్టింగ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండో పిన్ను లోపలి బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. రెండూ ప్లస్సేనండి, పొరపాటు రాయలేదు. వచ్చిన అంకె దారిలో పోయిన వోల్టేజ్. 0.2, 0.3 అయితే పరవాలేదు. 0.8 వచ్చిందంటే ఎక్కడో జాయింటు వేడెక్కుతోంది. ఇప్పుడు ఒక పిన్ను కదపకుండా రెండోదాన్ని ఫ్యూజ్ ముందు, ఫ్యూజ్ వెనక, రిలే ముందు, రిలే వెనక, ఒక్కో చోట పెట్టుకుంటూ రండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా ఎగిరితే దొంగ అక్కడున్నాడు. తర్వాత మైనస్ వైపు కూడా ఇదే చెయ్యండి. మైనస్ వైపు చూసేవాళ్ళు తక్కువ, జబ్బు అక్కడ దొరకడం మాత్రం ఎక్కువ. లగ్గు బాడీకి బిగించిన చోట పెయింటు గీకకుండా బోల్టు వేసేస్తారు. పెయింటు మీద ఎర్త్ ఎలా వస్తుంది?

ఘాట్ దిగేటప్పుడు చార్జ్ ఎక్కుతుంది, ప్లెయిన్ రోడ్డులో ఎక్కదు. ఇదేం వింత?

పార్వతీపురం కుర్రాడొకడు అచ్చం ఇలాగే చెప్పాడు. "అన్నా, సాలూరు ఘాట్ దిగుతుంటే రిలే టక్ టక్ మంటది, కింద రోడ్డెక్కాక చడీచప్పుడు ఉండదు." ముందు నేను నమ్మలేదు. తర్వాత పక్కన కూర్చుని మీటర్ చూస్తే నిజమే.

అతనిది బీఎస్6 బండి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా ఆ నిబంధన వచ్చింది కదా, ఆ తర్వాతి బండ్లలో కొన్నిటికి డైనమోని కంప్యూటర్ నడుపుతుంది. డీజిల్ ఆదా కోసం, స్టార్టింగ్ బ్యాటరీ నిండగానే వోల్టేజ్‌ని 12.5 చుట్టుపక్కలకి దించేస్తుంది. కాలు యాక్సిలేటర్ మీద నుంచి తీసినప్పుడు, ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఊరికే పోయే శక్తి కదా అని 14 దాటించి ఎక్కిస్తుంది. పాతకాలపు రిలేకి ఈ తెలివితేటలు అర్థం కావు. వోల్టేజ్ తగ్గింది, ఇంజన్ ఆగిందనుకుని విడిపోతుంది.

మందు ఒకటే, రిలే తీసేసి డీసీ టు డీసీ చార్జర్ పెట్టించడం. లోపలికి 12 వచ్చినా బయటికి 14.4 ఇస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉందని దానికి తెలియడానికి ఇగ్నిషన్ వైరు ఒకటి విడిగా ఇవ్వాలి, అది కలపడం మర్చిపోయిన బండ్లు రెండు చూశాను. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్ళకైతే బండి పాతదైనా కొత్తదైనా ఈ చార్జర్ పెట్టించాల్సిందే. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది. ఐడ్లింగ్‌లో గాలి సరిగా తగలని డైనమో దాని ఆకలి తీర్చలేక మాడిపోతుంది.

వైరు ఎంత లావు ఉండాలి?

ఇంటి వైరింగ్ లెక్క ఇక్కడ పనికిరాదు. 230 వోల్టుల్లో ముప్పావు వోల్టు పోతే ఎవరికీ తెలీదు, 12 వోల్టుల్లో పోతే చార్జ్ ఆగిపోతుంది. బోనెట్ నుంచి వెనక మంచం దాకా 6 మీటర్లనుకుందాం. పోనూ రానూ 12 మీటర్లు. 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరులో 20 ఆంపియర్లు పోతే సుమారు 0.7 వోల్టు దారిలోనే పోతుంది. అంటే డైనమో 14.2 ఇస్తే బ్యాటరీకి చేరేది 13.5. లెడ్ బ్యాటరీ నిండాలంటే 14.4 కావాలి, ఇక ఎప్పటికీ నిండదు. అదే 16 స్క్వేర్ వేస్తే పోయేది పావు వోల్టు పైచిలుకు. షాపులో "ఇది 10 స్క్వేర్ సార్" అని ఇచ్చే కారు ఆంప్లిఫైయర్ వైర్లని ఒకసారి ఒలిచి చూడండి. పైన తొడుగు లావు, లోపల సన్నగా రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. కత్తితో గీకితే తెల్లగా కనిపిస్తుంది.

లగ్గులు సుత్తితో కొట్టి బిగించకూడదు, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. సిమిలిగుడ, సునాబెడాలో కరెంటు పనిచేసే చాలామంది దగ్గర ఆ టూల్ ఉంటుంది, అడిగితే నొక్కిస్తారు.

పాత బస్సుని క్యారవాన్ చేశాం. 24 వోల్టుల్లో ఒక బ్యాటరీ నుంచి 12 తీసుకున్నాం. తప్పా?

తప్పే. లారీలో పాటల పెట్టె పెట్టినప్పటి అలవాటు ఇది, సన్న లోడు కాబట్టి చెల్లిపోయింది. వరుసగా కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో కింది (మైనస్ వైపు) దాని నుంచే ఫ్యాన్లు, ఫ్రిజ్ లాగితే అది ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. డైనమోకి కనిపించేది రెండూ కలిసిన 28 వోల్టులే కాబట్టి, కిందిది 13 దగ్గర ఉంటే పైదానికి 15 పడుతుంది. ఒకటి ఆకలికి, ఇంకొకటి అజీర్తికి పోతాయి. ఒక బ్యాటరీలో నీళ్ళు మాటిమాటికీ తగ్గుతూ, రెండోదానిలో తగ్గకుండా ఉంటే ఇదే సంగతి. రెండు బ్యాటరీల మొత్తం 24 నుంచి డీసీ టు డీసీ చార్జర్‌తో 12 చేసుకుని, లోపలికి వేరే బ్యాటరీ పెట్టుకోండి.

సోలార్ ఉంది, కంట్రోలర్ లైటు వెలుగుతోంది, అయినా సాయంత్రానికి బ్యాటరీ సగమే. ఎందుకు?

బండి ఎక్కడ పెట్టారు? చాలామంది మామిడి చెట్టు కిందో, పనస చెట్టు కిందో పెడతారు. మీకు చల్లగా ఉంటుంది, ప్యానెల్‌కి ఆకలి. 12 వోల్టుల ప్యానెల్‌లో 36 సెల్లులు వరుసగా ఉంటాయి, ఒక కొమ్మ నీడ రెండు మూడు సెల్లుల మీద పడినా మొత్తం ప్యానెల్‌లో సగం పోవచ్చు. టాప్ మీద కట్టిన సామాను తాడు నీడ కూడా లెక్కే. తర్వాత దుమ్ము. దామన్‌జోడి వైపు రోడ్డు మీద రెండు రోజులు తిరిగితే ప్యానెల్ ఎర్రగా అవుతుంది. పొద్దున్నే ప్యానెల్ చల్లగా ఉండగా తడిగుడ్డతో తుడవండి. మిట్ట మధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్ళు కొట్టకండి.

ఆపైన ఆశల లెక్క. 200 వాట్ల ప్యానెల్ టాప్ మీద పడుకోబెట్టి ఉంటే, మంచి ఎండ రోజున 700 వాట్ అవర్ల దాకా వస్తాయి, 12 వోల్టుల బ్యాటరీకి 50, 55 ఆంపియర్ అవర్లు. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 30, 40 తింటుంది. మిగిలినదానితో ఇంకెన్ని నడుపుతారు? జులై, ఆగస్టుల్లో ఇక్కడ మబ్బు వదలదు, అప్పుడు సోలార్ మీద ఆధారపడి రాకండి.

ఒక జాగ్రత్త. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్యనుండే కంట్రోలర్‌కి మొదట బ్యాటరీ కలపాలి, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. తిరగేస్తే కొన్ని కంట్రోలర్లు ఏ వోల్టేజ్ బ్యాటరీయో తెలుసుకోలేవు, కొన్ని కాలిపోతాయి కూడా.

ఇంటి మీద వేసే పెద్ద ప్యానెల్ చవగ్గా దొరికింది. వేసుకోవచ్చా?

ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ ఎక్కువ వోల్టేజ్‌ని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) ఉంటే వేసుకోండి, దాని గరిష్ఠ వోల్టేజ్ చూసుకుని. ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలిపే చవకరకం పీడబ్ల్యూఎం అయితే వద్దు. 37 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు ఇచ్చే 330 వాట్ల ప్యానెల్‌ని ఆ కంట్రోలర్ 13 వోల్టులకి లాక్కొచ్చి ఆ 9 ఆంపియర్లే ఇస్తుంది. చేతికొచ్చేది 120 వాట్లు. పైగా ఓపెన్ వోల్టేజ్ (లోడు కలపనప్పటిది) 45 దాకా పోతుంది, చలి పొద్దున ఇంకొంచెం పెరుగుతుంది, చిన్న కంట్రోలర్ తట్టుకోదు.

ఊళ్ళో ఎవరింట్లోనో ప్లగ్ పెట్టుకున్నాం. చార్జర్ ఆన్ అవుతుంది, ఎక్కదు.

సాయంత్రం ఏడు గంటలకి ఆ ప్లగ్‌లో ఎంత వస్తోందో కొలవండి. 230 ఉండాల్సిన చోట లైను చివరి ఊళ్ళలో 160 కూడా చూశాను. ఇక్కడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955 నుంచి కరెంటు పుడుతోంది. కొండకి ఇవతల మా లాంతర్లకి కిరసనాయిలు అక్కర్లేకుండా పోయింది కానీ, సాయంత్రం వోల్టేజ్ మాత్రం ఇంకా బిడియపడుతూనే వస్తుంది. బరువుగా ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ అయితే వచ్చింది తగ్గితే ఇచ్చేదీ తగ్గిస్తుంది, 14.4 కి బదులు 11 ఇస్తే ఏం ఎక్కుతుంది? కొత్తరకం తేలికపాటి ఎస్ఎంపీఎస్ (ఎలక్ట్రానిక్) చార్జర్లలో 100 నుంచి 270 దాకా తీసుకునేవి ఉన్నాయి. కొనేటప్పుడు వెనక స్టిక్కర్ చదవండి.

ఇంటి ఇన్వర్టర్‌నే వ్యాన్‌లో పెట్టుకున్నవాళ్ళు దాని వెనక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉందేమో చూడండి. యూపీఎస్‌లో పెడితే 180 కంటే తగ్గగానే కరెంటు లేదనుకుని బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది. ప్లగ్ పెట్టాం కదా అని మీరు హాయిగా నిద్రపోతారు, అది రాత్రంతా బ్యాటరీ తింటుంది. నార్మల్‌లో పెట్టండి.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ సన్న వైరుతో 30 మీటర్లు లాగినా ఇదే గొడవ. వైరు రీలుకి చుట్టి ఉండగా వాడకండి, లోపలి చుట్లు వేడికి అంటుకుపోతాయి. మొత్తం విప్పండి.

బండి బాడీ ముట్టుకుంటే షాక్ కొడుతోందంటే నవ్వుకుని వదిలెయ్యకండి. పల్లెల్లో చాలా ప్లగ్గుల్లో మూడో కన్నం అలంకారానికే, వెనక ఎర్త్ వైరు ఉండదు. టెస్టర్ బాడీ మీద వెలిగితే వెంటనే ప్లగ్ తీసెయ్యండి. బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించుకోండి. 230 వైపు పని మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, ఈ పేజీ చదివి చెయ్యకండి.

ఇంటి ఇన్వర్టర్‌కి పెట్టే ట్యూబ్యులర్ బ్యాటరీ వ్యాన్‌లో పెట్టొచ్చా?

పెడుతున్నారు, నేనూ పెట్టాను. 150 ఆంపియర్ అవర్లది యాసిడ్‌తో కలిపి 50 కేజీలు దాటుతుంది, బెల్టు వేసి కదలకుండా కట్టాలి. చార్జింగ్ కరెంటు దాని కెపాసిటీలో పదో వంతు, 15 ఆంపియర్లు చాలు. సగం దిగిన బ్యాటరీ నిండాలంటే ఐదారు గంటలు కాదు, చివరి ఇరవై శాతం చాలా నెమ్మది కాబట్టి ఎనిమిది, పది. రోజుకి రెండు గంటలే నడిపి ఫుల్ కావట్లేదంటే బ్యాటరీ ఏం చేస్తుంది?

హైడ్రోమీటర్‌తో గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం) చూడండి. ఇన్వర్టర్ ట్యూబ్యులర్ నిండితే 1.240 చుట్టూ, కారు బ్యాటరీ అయితే 1.280 దగ్గర. ఆరు సెల్లుల్లో ఐదు 1.230, ఒకటి 1.150 అయితే, ఇప్పుడు శిక్ష బ్యాటరీకి వెయ్యొచ్చు.

చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, మంచం కింద మూసిన పెట్టెలో పెట్టి పైన నిద్రపోకండి. పెట్టె పైభాగం నుంచి బయటికి గొట్టం ఉండాలి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే చార్జర్ ఆపి తలుపులు తెరవండి, అప్పుడు అగ్గిపుల్ల గీయకండి, వేరే స్విచ్చులేవీ ముట్టుకోకండి.

డిస్టిల్డ్ వాటర్ దొరకలేదు, మినరల్ వాటర్ పోయొచ్చా?

వద్దు. ఆర్ఓ నీళ్ళలో కూడా లవణాలు ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఏ పెట్రోల్ బంకు పక్కనైనా, బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది, ఒకటి బండిలో ఉంచుకోండి. చార్జ్ అయ్యాక గుర్తు దాకే పోయండి. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి.

లిథియం బ్యాటరీ మీద మీటర్ సున్నా చూపిస్తోంది. చచ్చిపోయిందా?

బహుశా నిద్రపోయింది. బాగా దిగిపోతే లోపలున్న బీఎంఎస్ అనే కాపలాదారు తలుపు మూసేస్తాడు, బయటికి సున్నానో, మూడు నాలుగు వోల్టులో కనిపిస్తాయి. చార్జర్ దాన్ని చూసి ఇక్కడ బ్యాటరీయే లేదనుకుని మొదలుపెట్టదు. లోడులన్నీ తీసేసి, లిథియం మోడ్ ఉన్న చార్జర్ పెడితే చాలావరకు లేస్తుంది. పాత లెడ్ చార్జర్‌లో రిపేర్, ఈక్వలైజ్ అని ఉండే మోడ్ లిథియంకి వాడకండి, అది 15 వోల్టులు దాటిస్తుంది.

ఇంకో మాట. లిథియంలో వోల్టేజ్ చూసి ఎంత ఉందో చెప్పలేం. ముప్పై శాతం నుంచి డెబ్భై దాకా 13.2 దగ్గరే తచ్చాడుతుంది. షంట్ మీటర్ పెట్టించుకోండి, పోయిన ఆంపియర్లు, వచ్చిన ఆంపియర్లు పాలవాడి చిట్టాలా రాసుకుంటుంది.

దేవమాలి మీద రాత్రి ఉన్నాం. పొద్దున సోలార్ ఎండలో ఉన్నా లిథియంకి ఎక్కలేదు.

1,672 మీటర్ల ఎత్తు, జనవరి. లిథియం సెల్ సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది, అందుకే బీఎంఎస్ అంతకు ముందే, కొన్నిట్లో నాలుగైదు డిగ్రీల దగ్గరే, ఆపేస్తుంది. ఇది జబ్బు కాదు. రేకు ఫ్లోర్ మీద నేరుగా పెట్టకుండా కింద చెక్క వెయ్యండి, ఎండెక్కేదాకా ఆగండి. అంతలో టీ పెట్టుకోండి.

మరి ఎండాకాలం?

లెడ్ బ్యాటరీకి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగం. మే నెలలో కింద పార్వతీపురం వైపు దిగినప్పుడు చార్జర్‌కి టెంపరేచర్ సెన్సర్ వైరు ఉంటే బ్యాటరీకి అంటించండి, చార్జింగ్ వోల్టేజ్‌ని అదే తగ్గించుకుంటుంది.

రాత్రి ఏమీ వాడలేదు. పొద్దున్నకి దిగిపోయింది.

వాడారు, మీకు తెలీదంతే. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే ఖాళీగా ఉన్నా ఒక ఆంపియర్ తింటుందనుకోండి, రోజుకి 24. జీపీఎస్ ట్రాకర్, స్టీరియో, గ్యాస్ అలారం, యూఎస్‌బీ సాకెట్లలో వెలిగే నీలం లైట్లు. ఒక్కో ఫ్యూజ్ తీస్తూ క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) చూడండి. క్లాంప్ మీటర్ కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు కొలుస్తుందో లేదో అడగండి. చవకరకాలు ఏసీ మాత్రమే కొలుస్తాయి, మీ బ్యాటరీ వైరుకి తగిలిస్తే ఎప్పుడూ సున్నాయే చూపిస్తాయి. అది చూసి లీకేజీ లేదని సంబరపడినవాళ్ళున్నారు. అన్ని ఫ్యూజులు తీసినా స్టార్టింగ్ బ్యాటరీ దిగుతుంటే డైనమో లోపల డయోడ్ పోయి ఉంటుంది.

చార్జర్ గంటలోనే ఫుల్ అంటుంది, ఫ్యాన్ వేస్తే అరగంటలో ఖాళీ.

ఇక్కడ బ్యాటరీదే తప్పు. సల్ఫేట్ పట్టిన బ్యాటరీ చిన్న గ్లాసులాంటిది, త్వరగా నిండుతుంది, త్వరగా ఒలుకుతుంది. హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలించి చూడండి, ఐదు నిమిషాల్లో 12.6 నుంచి 11 కి పడితే మార్చండి. జతలో రెండుంటే రెండూ మార్చండి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కూడా లాక్కుపోతుంది.

మెకానిక్ దగ్గరికి వచ్చే ముందు ఏం రాసి తేవాలి?

పొద్దున్న ఇంజన్ వెయ్యకముందు రెండు బ్యాటరీల వోల్టేజ్, ఇంజన్ ఆన్‌లో రెండిటి వోల్టేజ్, ముందురోజు ఎన్ని గంటలు నడిపారు, ఎక్కడ ఆపారు, ఎండా నీడా, రాత్రి ఏమేం నడిచాయి. బ్యాటరీ కొన్న తేదీ బిల్లు ఉంటే అదీ. ఫోన్‌లో ఫోటో తీసినా చాలు. ఆ కాగితం ఉంటే టీ తాగేలోపు చెప్తాను. లేకపోతే మధ్యాహ్నం దాకా నేను బండి కింద, మీరు బల్ల మీద.